అమ్మ వేడినీళ్ళు

అక్కకు నమస్కారం.

ఇక్కడ అమ్మా, నేనూ క్షేమం. స్నానాలగదిలో పాడైన బాయిలర్ మాత్రం ఇంకా బాగుపడలేదు. అక్కడ నువ్వూ, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను.

"ఎవరినైనా పిలిచి బాగుచేయించు. దీన్ని కూడా ఉద్యమం చెయ్యకు" అని రాశావు. చెయ్యకుండా ఎలా ఉంటానక్కా? పదేళ్ళు ఢోకా లేదని అంటగట్టిన సరుకు మూడో చలికాలానికే చతికిలబడింది. గ్యారంటీ మాత్రం రెండేళ్ళేనట. అంటే అది ఎప్పుడు పోతుందో చేసినవాడికి ముందే తెలుసన్నమాట! మెకానిక్ మూత విప్పి చూసి, "లోపల ట్యాంకు చిల్లు పడిందండీ. అతుకు నిలవదు, మొత్తం మార్చాలి" అన్నాడు. ఆ ఖర్చుకు ఇంకాస్త కలిపితే కొత్తదే వస్తుంది. దీన్ని మరమ్మతు అంటారా, దోపిడీ అంటారా? మన ఖర్మ అనకు. ఖర్మ కాదు, పల్చటి రేకు.

అమ్మ నడుం సంగతి అడిగావు. పొయ్యి మీద నీళ్ళు కాచి ఇస్తున్నాను గానీ, స్నానాలగదికి మోసేలోపే సగం చల్లారిపోతున్నాయి. పొద్దున పూట వేళ్ళు బిగుసుకుపోయి గ్లాసు కూడా సరిగా పట్టుకోలేకపోతోంది.

మెట్ల మీద కనబడ్డవాళ్ళనల్లా ఆపి అడిగాను. మా భవనంలో అందరికీ బిల్డరు ఇదే రకం బిగించాడు, సగం ఇళ్ళలో ఇలాగే చిల్లుపడి కారుతున్నాయి. ఎవరికి వాళ్ళు తమ దురదృష్టమనుకుని నోరు మూసుకున్నారు. అందరిచేతా సంతకాలు పెట్టించి కంపెనీ షోరూంకి వెళ్ళాను. మేనేజరు నన్ను పక్కకు పిలిచి, "సార్, మీదొక్కటీ ఉచితంగా మార్చేస్తాం. ఈ కాగితం వెనక్కి పట్టుకెళ్ళండి" అన్నాడు.

"మారిస్తే అందరివీ మార్చండి. లేకపోతే నాదీ వద్దు" అని ఛాతీ విరుచుకుని వచ్చేశాను.

ఇందాకటి నుంచి నానుస్తున్న మాట ఇప్పుడు చెబుతున్నాను. అమ్మను అడక్కుండానే వద్దన్నాను. భోజనం దగ్గర ఈ ఘనకార్యం చెబుతుంటే అమ్మ తినడం ఆపింది.

"చన్నీళ్ళు ఎవరి ఒంటి మీద పడుతున్నాయిరా?"

"నీ మీదే."

"భవనమంతా తిరిగి సంతకాలు అడిగావే, నన్నడిగావా?"

వేదికల మీద ఎంతమంది నోళ్ళు మూయించానో! ఆ పూట మాత్రం లేచి అమ్మ కంచంలో మజ్జిగ పోశాను.

"అడిగితే నేనూ వద్దనేదాన్నే, అది వేరే సంగతి" అని, "ఆ షోరూంలో బాయిలర్ పనిచేస్తుందా?" అంది.

"చూపించడానికి ఒకటి బిగించారు. వేడినీళ్ళు వస్తాయి."

"అయితే సరే."

మర్నాడు అమ్మ, పై ఇంటి మామ్మగారు, ఎదురింటి టీచరమ్మ భుజాన తువ్వాళ్ళు, చేతుల్లో సబ్బుపెట్టెలతో షోరూం నడిమధ్య కూర్చున్నారు. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమిటమ్మా ఇది?"

"స్నానానికొచ్చాం నాయనా. మా ఇళ్ళలోవి పాడయ్యాయి, మీదేమో బ్రహ్మాండంగా ఉందిగా. వరసగా పోసుకుంటాం. కాస్త ఆ అడ్డుతెర కట్టించు."

కొనడానికొచ్చిన ఒకాయన చేతిలో డబ్బు జేబులో పెట్టేసుకుని, "మీది ఎన్నాళ్ళొచ్చిందమ్మా?" అని అమ్మనే అడిగాడు. సాయంత్రానికల్లా మేనేజరు దిగొచ్చి, మీ ముగ్గురివీ మారుస్తామన్నాడు.

"మిగతావాళ్ళవో?" అంటూ అమ్మ సబ్బుపెట్టె మూత తీసింది.

రేపు మళ్ళీ వెళుతున్నాం. ఈసారి భవనంలోని ఆడవాళ్ళంతా వస్తారు. ఒప్పుకోక చస్తాడా! నా ఉపన్యాసం మాత్రం లేదు, అమ్మ వద్దంది. ఈసారి నన్ను అడిగే వద్దందిలే. నాకు వేరే పని అప్పగించారు.

ఇట్లు,
బకెట్లు మోసే
నీ తమ్ముడు