పాచి టర్కీ

క్యారీ,
థాంక్స్‌గివింగ్ మర్నాడు

పద్మనాభం అన్నయ్యకి నమస్కారం.

మీ ఆవిణ్ణి వెంటనే వచ్చి మీ ఊరు కమ్మింగ్ తీసుకెళ్లిపోండి. కారుకి గ్యాస్ నేనే కొట్టిస్తాను.

ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారని హడలిపోయి, మీ మరదలు వాళ్ల మేనేజర్ని నిన్న డిన్నర్‌కి పిలిచింది. నేను ముందురోజే పండగ ఆనవాయితీగా టర్కీ కోడిని వండి, ముక్కలు కోసి, ఎండిపోకుండా సూప్ పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. ఆయనొచ్చాక వేడి చేస్తే చాలు. తీరా చూస్తే ట్రే లేదు!

"చుట్టాలకి ఎవరైనా పాచికూడు పెడతారా మరిదీ? పక్క అపార్ట్‌మెంట్ స్టూడెంట్లకి ఇచ్చేశాను" అంది వదిన.

ఆవిడ రుబ్బిన ఇడ్లీపిండి మూడు రోజులుగా అదే ఫ్రిజ్‌లో పొంగుతోంది. అది మాత్రం పాచి కాదట!

పాపం మేనేజరు పండగపూట పప్పన్నం, ఆవకాయ తిని, చెంబెడు నీళ్లు తాగి, "సోమవారం మాట్లాడదాం" అని వెళ్లాడు. అప్పట్నుంచి మీ మరదలికి నిద్ర లేదు, నాతో మాట లేదు. ఇదంతా నేను వదినచేత ఆడించిన నాటకమట. నిజం చెప్పినా నమ్మే దిక్కు లేదు నాకు.

ఇందాక ఆ స్టూడెంట్లు ఫోన్ చేశారు, "ఆంటీ, టర్కీ అదిరింది!" అని. వదిన సిగ్గుపడుతూ ఏమందో తెలుసా?

"ఏదో, చేతనైనట్టు చేశాను నాయనా. ఖాళీ ట్రే తెచ్చివ్వండి, మళ్లీ చేసి పెడతాను."

ఇట్లు,
ట్రే కడుగుతున్న మీ తోడల్లుడు