మెట్టె కుట్టిన టోపీ

స్నేహా,

మీ అమ్మ మెట్టెల జతలో ఒకదాన్ని నన్ను అడగకుండా బిళ్లలుగా కొట్టించి, తమ్ముడి తలలో మాట పట్టి ల్యాప్‌టాప్‌కు చెప్పే టోపీకి కుట్టావు. అది తప్పే. పాడె ఎత్తకముందు ఆమె కాలి వేళ్ల నుంచి ఆ జతను నేనే తీసి దాచాను.

టోపీ పెట్టేముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకెయ్యి. ఊరికే వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ సంగతి నాకు తెలియదు, మన ఇంటి కరెంటు సంగతి తెలుసు. తర్వాత వాడి జుట్టు కడుగు. నిన్న బిళ్లల కింద పూసిన జిగురు అట్టకట్టింది.

నిన్న రాత్రి తెర మీద చుక్క నీళ్ల బొమ్మ వైపు కదలగానే "బాపూ, తమ్ముడు నీళ్లు గావాలంటుండు" అని అరిచావు. ఫ్యాక్టరీలో కిందపడి మాట పోయాక వాడు నోరు తెరిచి ఏదీ అడగలేదు. నాకు నిద్ర పట్టలేదు. అందుకే షిఫ్టుకు ముందే పోతున్నాను.

వెండి చాలలేదన్నావు. రెండో మెట్టె ఈ చీటీ కింద ఉంది. ఇక ఈ మాట నేనెత్తను, నువ్వూ ఎత్తకు.