వెనక సీటుకి ఏసీ

చెల్లీ,

కోపం తర్వాత పడుదువుగాని, ముందు ఇది చదువు. హైబ్రిడ్ కారు బుక్ చేశాను. బేస్ మోడల్ చాలనుకుని వెళ్ళి, దాని పై మోడల్ తీసుకున్నాను. అందులో వెనక సీటుకి కూడా ఏసీ వస్తుంది.

"ఒక్కరే తిరుగుతారుగా మేడమ్, వెనక ఏసీ ఎందుకు?" అంది షోరూమ్ అమ్మాయి.

"మా చెల్లెలు వెనకే కూర్చుంటుంది. ముందు కూర్చుంటే నా డ్రైవింగ్‌కి దాని గుండె జారిపోతుంది" అన్నాను. నాలుగేళ్ల కిందట నడిరోడ్డు మీద "నోరు మూసుకో, లేకపోతే దిగిపో" అని నేనంటే, నువ్వు నిజంగానే దిగిపోయావని మాత్రం చెప్పలేదు. తప్పు నాదే. పదో తారీఖున బండి ఇస్తారు, రావే.

టెస్ట్ డ్రైవ్‌లో బండి బ్యాటరీ మీద నడుస్తుంటే చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. కావాలనే జోరుగా పోనిచ్చాను. "మెల్లగా అక్కా, మెల్లగా" అని వెనక నుంచి ఎవరూ అరవలేదు.

మీ అక్క