తొమ్మిదో గడి

పుంగనూరు,
2022 ఫిబ్రవరి, శుక్రవారం మధ్యాహ్నం.

హుమా తల్లికి,

అమ్మీ దువాలు. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి కదా. ఒంటి వరకు అయితే ఆ మాట నిజమే. జ్వరాల్లేవు, దగ్గుల్లేవు. మీ నాని పొద్దున రాగిసంగటి అడిగి మరీ తినింది. మిగతా క్షేమాల సంగతి కింద రాస్తాను. తొందరపడి చివరి పేజీ తిప్పకు.

ఫోన్ చేస్తే నేనే మాట్లాడతానని, నీ వంతు వచ్చేలోపల మీ కుప్పం హాస్టల్ వార్డెన్ పిలుస్తుందని, అందుకే ఉత్తరం రాయమని అడిగావు. మంచిదే. ఉత్తరంలో కూడా నేనే మాట్లాడతాను, కాకపోతే నువ్వు నిదానంగా కోపం తెచ్చుకోవచ్చు. ఇంట్లో మనం పోట్లాడుకునేది ఉర్దూలో అయినా, బడిలో తెలుగు చెప్పీ చెప్పీ అరిగిన చెయ్యి ఇది. రాయమంటే తెలుగే వస్తుంది.

అబ్బాకు రెండో డోసు వేయించావా అని అడిగావు. వేయించాను. సూది చూసి మొహం అటు తిప్పుకున్నాడు, నర్సమ్మ నవ్వింది. సోమవారం నుంచి ఈ పొద్దుటి దాకా నాతో మాట్లాడలేదు కానీ, దానికీ సూదికీ సంబంధం లేదు. అదీ కిందే రాస్తాను.

నీ బూట్లు చిన్నాన్న కూతురు కుల్సుమ్‌కు ఇచ్చేయమన్నావు. ఇవ్వలేదు. కుల్సుమ్ పాదం నీ పాదం కంటే పెద్దదనేది ఒక కారణం. నాకు ఇవ్వబుద్ధి కాలేదనేది అసలు కారణం. కడిగి మిద్దె మీద ఆరబెట్టాను.

ఇక నీ మూడో ప్రశ్న. “ఉత్త ఆట కోసం నీకు ఇంత కోపం ఎందుకమ్మీ? ఎంతమంది పోయారు. ఈ సీజను లేకపోతే ఏమవుతుంది?” అని రాశావు. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను. అది నీ వాక్యం కాదు హుమా. రెండేళ్ళుగా నోటీసు బోర్డుల మీద చూసి చూసి నీ నోటికి అంటుకున్నది.

లెక్క చూద్దాం రా. మొదటి ఏడాది మదనపల్లెలో సెలక్షన్లు జరిగాయి. నువ్వు యూనివర్సిటీ ఖోఖో టీముకు ఎంపికయ్యావు. ట్రాక్ సూట్ కొలతలు ఇచ్చి, బస్సు దిగి, ఆ సంగతి వీధి మొదట్లోంచే అరుచుకుంటూ వచ్చావు. ఆ సూటు కుట్టేలోపే దేశానికి తాళం పడింది. అది సబబే. ఆ రోజు నేను ఒక్క మాట అనలేదు. జబ్బే అబద్ధం అన్నవాళ్ళతో బజారులో నిలబడి పోట్లాడిన దాన్ని, నీకు తెలుసు. రెండో ఏడాది సీజను అన్న మాటే లేదు. ఈ ఏడాది, అంటే నీ చివరి ఏడాది, జనవరికి తేదీలు వేసి, మూడో వేవ్ అని వాయిదా వేశారు. వేవ్ తగ్గింది. కాలేజీలు తెరిచారు. పరీక్షల తేదీలు వచ్చాయి. ఫీజు తేదీ అయితే అన్నిటికన్నా ముందు వచ్చింది. ఆటల తేదీ ఒక్కటే రాలేదు. అడిగితే “చూద్దాం” అంటారు. చూసేదెవరు, ఎప్పుడు చూస్తారు? జూన్‌లో నువ్వు డిగ్రీ పట్టా పుచ్చుకుని బయటికి వచ్చాక చూస్తారా?

నా కోపం మూసినందుకు కాదు. ఏది ముందు తెరిచారు, దేన్ని మరిచిపోయారు అన్నందుకు. బ్రాందీ షాపు ముందు సున్నంతో గళ్ళు గీసి, మనిషికీ మనిషికీ ఎడం పెట్టి మరీ అమ్మించారు. పంచాయతీ ఎన్నికల్లో చౌడేపల్లె దగ్గర పల్లెలో నేనే పోలింగ్ డ్యూటీ చేశాను. ఒక్క సీసా శానిటైజర్, ఊరందరి వేళ్ళు. క్రికెట్‌ను విమానాలెక్కించి ఎడారి దేశానికి తీసుకుపోయి ఆడించారు. డబ్బో ఓటో ఉన్న చోటల్లా ఏదో ఒక దారి దొరికింది. కుప్పంలో, పుంగనూరులో, మదనపల్లెలో ఆడపిల్లలు కూర్చుని లేచి పరుగెత్తే ఆటకు మాత్రం దారి దొరకలేదు. అదీ ఖోఖోకు. కూర్చునే గడికీ గడికీ మధ్య ఏడడుగుల ఎడం ఉండే ఆటకు. దూరం పాటించమని లోకానికి ఎవరూ చెప్పకముందే పాటించిన ఆటకు. “ముట్టుకోవడమే కదమ్మీ ఆటంటే” అని నువ్వు నవ్వుతావు. నవ్వు. నువ్వు నవ్వి ఎంత కాలమైంది.

ఉత్త ఆట అంటున్నావు. యూనివర్సిటీకి ఆడిన సర్టిఫికెట్ ఉంటే బీపీఈడీ సీటు దగ్గరవుతుందని, ఆ చదువు అయితే పీఈటీ కావచ్చని, పల్లె బడిలో ఆడపిల్లలకు పరుగెత్తడం నేర్పుతానని తొమ్మిదో తరగతిలో నాకు చెప్పింది ఎవరు? మగపిల్లాడికి చదువులో ఒక ఏడాది పోతే చుట్టాలంతా వచ్చి పలకరించి పోతారు. ఆడపిల్లకు ఆటలో మూడేళ్ళు పోతే “ఉత్త ఆట” అంటారు. వాళ్ళు అంటే పోట్లాడతాను. నువ్వే అంటే ఎవరితో పోట్లాడేది?

నువ్వు రాయని కారణం కూడా నాకు తెలుసు. గంగులప్ప సార్.

రెండో వేవ్‌లో ఆక్సిజన్ బెడ్డు దొరికేసరికే ఆలస్యమైపోయిన మనిషి. తన కాలేజీ పిల్లలనే కాదు, ఏ కాలేజీ పిల్ల వచ్చినా తెల్లవారకముందే ఈ ఊరి గ్రౌండులో ఉరికించిన మనిషి. ఆయన పోయినప్పటి నుంచి నువ్వు గ్రౌండు పేరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. పోయిన ఆదివారం ఆయన భార్య గోవిందమ్మను చూసి రావడానికి వెళ్ళాను. కూర్చోకముందే అడిగింది.

“హుమా ఆడతాండాదా?”

“లేదు.”

“యాల?”

“సార్ పోయాక మనసు రాలేదంట.”

గోవిందమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “ఆయన పోయింది జబ్బుతో టీచరమ్మా, ఆటతో కాదు. బతికుండగా జరమొచ్చి ప్రాక్టీసుకు రాకపోయినా తిట్టకుండా ఇడిసినాడా? ఇప్పుడు ఆయన సావునే వంక పెట్టుకుంటే ఊరుకుంటాడా?” అని లోపలికి పోయి, సార్ గీతలు గీసే డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అడుగున మేకుతో బొక్కలు పొడిచిన పాత పాలపొడి డబ్బా, గుర్తుందా? అందులో ఇంకా కాస్త సున్నం ఉంది. “గ్రౌండంతా టమోటా గంపలేనంట కదా. ఆయప్ప ఉండింటే ఒక్కొక్క గంపా రోడ్డు మీదికి దొర్లించుండు” అంది. అని నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకుంది.

అది నిజమే. మొదటి లాక్‌డౌన్‌లో కూరగాయల మార్కెట్‌ను దూరం దూరంగా ఉంటుందని కాలేజీ గ్రౌండుకు మార్చారు కదా, అది ఇంకా అక్కడే ఉంది. అందుకని సోమవారం నేను గ్రౌండుకు పోయాను. మదనపల్లె టీము కెప్టెన్ తేజస్విని మొదటి బస్సుకే వచ్చింది. మన ఊరి టీము నుంచి భవ్య వచ్చింది. మా ఆలోచన ఒక్కటే. సీజను వాళ్ళు పెట్టకపోతే మనమే పెట్టుకుందాం. మూడు ఊళ్ళు, మూడు టీములు. రెండు డోసులూ వేసుకున్నవాళ్ళే ఆడాలి, దగ్గు వస్తే ఇంట్లోనే ఉండాలి. ఆ మాత్రం తెలివి మనకూ ఉంది.

గ్రౌండులో చెంగయ్యప్ప మాకు ఎదురొచ్చాడు. చౌడేపల్లె రైతు, పెద్ద నోరు, మంచి మనిషి.

“ఆటలేంది టీచరమ్మా ఈ కాలంలో. టమోటా పారబోసుకుంటాండాము ఈడ.”

“నీ మనవరాలు ఇంటర్ కదా చెంగయ్యప్పా, ఎప్పుడైనా పరుగెత్తిందా?”

“పొద్దున్నే బస్సు కోసరం పరిగెత్తతాది. దానికి కప్పు ఇస్తారా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడతను అసలు మాట అడిగాడు. “మమ్మల్ని యాడికి పొమ్మంటావు?”

“యాడికీ పోవద్దు. మధ్యాహ్నానికి మీ బేరాలు ముగుస్తాయి. ఆ తర్వాత గ్రౌండు పిల్లలది. ఈ రెండు గుంజల నడుమ మాత్రం అంగడి వద్దు.”

“ఈ గుంజలు పట్ట తాళ్ళు కట్టను నాటినవి కాదా?” అన్నాడు చెంగయ్యప్ప, నిజంగానే ఆశ్చర్యపోయి.

చూశావా. రెండేళ్ళలో ఖోఖో స్తంభం అంగడి గుంజ అయిపోయింది. ఇంకో రెండేళ్ళు ఊరుకుంటే అక్కడ ఆడపిల్లలు ఆడేవాళ్ళని చెప్పినా ఎవరూ నమ్మరు. సంగతి తెలిశాక చెంగయ్యప్ప తల గోక్కుని “అట్లయితే సరేలేమ్మా” అన్నాడు. రైతుకూ ఆటకూ తగాదా లేదు హుమా. ఇద్దరినీ ఒకే గ్రౌండులోకి తోసి, వాళ్ళే కొట్టుకుంటారులే అని గేటు తాళంచెవి జేబులో వేసుకున్నవాళ్ళతోనే తగాదా.

అయితే ఒక గుంజకు అప్పటికే ఎండ తగలకుండా ఒక అంగడి పట్ట కట్టి ఉంది. అంగడివాడు కనపడలేదు. నాకు ఒళ్ళు మండింది. నా గొంతు నీకు తెలుసు కదా. “టీముకు తొమ్మిది మంది ఆడపిల్లలు ఆడే స్తంభానికి పట్ట కట్టుకున్న ఆ పెద్దమనిషి ఎవరో ముందుకు రావాలి. సిగ్గును కూడా టమోటాలతో పాటు తూకమేసి అమ్మేసుకున్నాడా?” అని మార్కెట్ అంతా వినేట్టు అడిగాను. అందరూ నేల చూపులు చూస్తున్నారు. చెంగయ్యప్ప తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు, అది దగ్గు కాదు. అక్కడే గుమ్మడికాయ కోసే కత్తి ఉంటే తీసుకుని తాడు తెగ్గోశాను. పట్ట గంపల మీద కూలింది.

ఇప్పుడు ఇంతసేపూ దాచిన మాట. ఆ పట్ట కింది నుంచి లేచి వచ్చింది మీ అబ్బా.

నువ్వు హాస్టలుకు పోయాక కూరగాయల కొట్టు అక్కడికి మార్చుకున్నాడంట. నాకు చెప్పలేదు, నేను అడగలేదు. వెనకాల కూర్చుని గంప సర్దుకుంటూ నా ఉపన్యాసం మొత్తం విన్నాడు. నెత్తి మీద నుంచి టమోటా గుజ్జు కారుతోంది. “కమర్, ఇంట్లో ఒక్క మాట సెప్పింటే నేనే తాడు ఇప్పుండేవాణ్ణి గదా” అన్నాడు. అంతే. ఆ తర్వాత మాట లేదు. ఆ రాత్రి క్షమించమని అడిగాను, గుజ్జుకు. తాడుకు అడగలేదు. అడగను.

ఇంకొకటి కూడా ఉంది. కుప్పం టీము కెప్టెన్ హుమా అని అందరికీ చెప్పేశాను, నిన్ను అడగకుండా. తేజస్విని మీ కాలేజీ పిల్లలకు ఫోన్ చేసింది. “హుమా వస్తే వస్తాం, లేకపోతే లేదు” అన్నారంట. కాబట్టి నువ్వు రాకపోతే కుప్పం టీము లేదు, మూడు ఊళ్ళ సీజను లేదు. నీ మీద బరువు పెడుతున్నానని తిట్టుకో. తిట్టుకునే రా.

ఈ ఆటకు సర్టిఫికెట్ రాదు. ఆ ఆశ పెట్టను. మూడేళ్ళ చదువులో సీజన్లు పోగొట్టుకున్నవాళ్ళకు ఇంకో ఏడాది ఆడే అర్హత ఇవ్వాలని యూనివర్సిటీకి అర్జీ పెట్టాం, మూడు ఊళ్ళ పిల్లలూ సంతకాలు చేశారు. ఇస్తారో లేదో నాకు తెలియదు. ఇచ్చేదాకా అడుగుతాను. కానీ రేపు ఎవరైనా “ఆ ఏడాది ఆటలు జరగలేదు” అంటే, “జరిగాయి, మీరే రాలేదు” అని చెప్పడానికి మనకు ఒక మధ్యాహ్నం కావాలి.

మా హెడ్మాస్టర్ మునిచంద్ర గారు నిన్న పిలిపించారు. “మేడమ్, గవర్నమెంటు ఉద్యోగం చేసుకుంటా కత్తి పట్టుకోని గ్రౌండులో ఉపన్యాసాలేంది? మెమో వస్తాది.”

“గుమ్మడికాయ కత్తి సార్.”

“కత్తి కత్తే మేడమ్.”

రానీ. జవాబు ఇప్పటికే రాసి పెట్టుకున్నాను. మెమో నంబరుకు మాత్రం ఖాళీ వదిలాను.

ఈ పొద్దున సంగతి చెప్పి ముగిస్తాను. అబ్బా ఫజర్ నమాజుకు పోయి ఇంటికి రాలేదు. చూస్తే సార్ డబ్బా కూడా లేదు. వెతుక్కుంటూ పోతే గ్రౌండులో, గుంజల నడుమ వంగి ఉన్నాడు. కొట్టు అక్కడ లేదు, చెంగయ్యప్ప పక్కకు జరిపేశాడు. ఈ మధ్యాహ్నం నుంచి భవ్య వాళ్ళ ప్రాక్టీసు అని ఎవరో చెప్పినట్టున్నారు. లాక్‌డౌన్‌లో అంగళ్ళకు గళ్ళు గీసింది ఆయనే కాబట్టి చెయ్యి బాగానే తిరిగింది. నేను లెక్కపెట్టాను. ఒక గడి ఎక్కువ ఉంది.

“తొమ్మిది యాల?” అన్నాను.

తల ఎత్తలేదు. కానీ పలికాడు. “టీముకు తొమ్మిది మంది అని అరిస్తివి గదా ఆ పొద్దు. తొమ్మిది మందికి తొమ్మిది.”

“కూర్చునేది ఎనిమిది మందే. ఒకరు కూర్చోరు.”

“మరి?”

“తరుముతారు.”

“మన పాప ఆడేటప్పుడు ఆ ఒకరు ఎవురు?”

“ఇంకెవరు?” అన్నాను. నీ ఉత్తరం ఆయనా చదివాడు, బూట్లు ఇచ్చేయమన్న మాట కూడా చదివాడు. ఆ తొమ్మిదో గడి దగ్గరికి నడిచాడు. తర్వాత చెప్పు విడిచి, ఉత్త పాదంతో దాన్ని చెరిపాడు. మడమ ఆనించి, తెల్లదనం మిగలకుండా రుద్దాడు.

“దానికి కూర్చోను సోటు యాల” అన్నాడు.

ఈ ఆదివారం కాదు, పై ఆదివారం మధ్యాహ్నం. పలమనేరు మీదుగా వచ్చే పొద్దుటి బస్సు ఎక్కితే సరిపోతుంది. ఇక్కడ నీకు కూర్చోవడానికి చోటు లేదు హుమా. బూట్లు ఆరాయి.

ఇట్లు,
మెమోకూ నీకూ ఎదురుచూస్తూ,
నీ అమ్మీ
కమరున్నీసా