పద్నాలుగో నమూనా

బ్లాంచర్డ్స్‌టౌన్,
9 అక్టోబరు 2025, గురువారం.

చిరంజీవి ఫెబికి అమ్మమ్మ దీవెనలు.

సోమవారం మీ ల్యాబ్‌లో మీటింగు ఉందని రాశావు. ఈ ఉత్తరం రేపటికల్లా నీకు అందాలని పొద్దున్నే రాయడానికి కూర్చున్నాను. మీ అమ్మా నాన్నా క్షేమం. మీ అమ్మకు ఈ వారం ఆసుపత్రిలో పగటి డ్యూటీలు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నా సంగతి చివర రాస్తాను.

నీ ఉత్తరంలో తప్పులు ఏడు. కిందటి నెల పదకొండు. ఎర్ర సిరాతో దిద్ది జత చేశాను.

నీ పరిశోధన నాకు అర్థమైందా అని అడిగావు. నరసాపురంలో ముప్పై ఒక్క ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినదాన్ని, గంధకం సంగతి నాకు తెలియదా? ప్రోటీను పుట్టినప్పుడు పొడుగాటి దారం. సరిగ్గా మడత పడితేనే పనికొస్తుంది. ఆ మడత నిలవడానికి గంధకానికీ గంధకానికీ మధ్య ముడి పడుతుంది. ముడి తప్పు చోట పడితే విప్పి, సరైన చోట మళ్లీ వేసేది మీ పీడీఐ అనే ఎంజైము. మా అమ్మ లేసు అల్లేది. నేను తప్పు అల్లితే ఒక్క మాట అనకుండా నా చేతిలోంచి తీసుకుని, ఆ ముడి దాకా విప్పి, మళ్లీ అల్లి ఇచ్చేది. అదే పని. నరాలు చచ్చి కండ కరిగిపోయే జబ్బులో, ఆ పీడీఐ కూడా చిక్కుపడిన దారాల మధ్య ఇరుక్కుపోయి కనిపిస్తుందని రాశావు. ఆ వాక్యం మూడుసార్లు చదివాను.

ఇక రెండో ప్రశ్న. "ఆరోగ్యవంతుల వరసలో పద్నాలుగో నమూనా అచ్చం రోగుల కణాల్లాగే ఉంది. చూస్తే భయమేసింది. లేబుళ్లు మా ల్యాబ్ జూనియర్ ధరణే మార్చేసి ఉంటుంది. అడిగితే, 'ఒట్టు ఫెబక్కా, నేను ముట్టనే లే' అంటోంది. సోమవారం కంప్లయింట్ ఇవ్వనా?" అని అడిగావు.

ఇవ్వకు. ఆ అమ్మాయి మార్చలేదు.

ఏప్రిల్ పదహారున మా చర్చి సంఘంలో పెద్దవాళ్లం కొందరం మీ ల్యాబ్‌కు చర్మం ఇచ్చాం. పేర్లు మీకు తెలియవు, అంకెలే ఉంటాయన్నావు. నర్సు నా ఎడమ ముంజేతి నుంచి కందిగింజంత ముక్క తీసి, సీసా మూత మీద అంకె వేసింది. ఇంటికి రాగానే నోటుపుస్తకంలో రాసుకున్నాను. పద్నాలుగు.

జూన్ రెండున ఆ మచ్చ పక్కన మొదలైంది. చర్మం కింద ఎవరో సన్నటి లేసు సూది తిప్పుతున్నట్టు కండ దానంతటదే ఎగురుతుంది. నొప్పి లేదు. మొదటి వారం రోజుకు నాలుగుసార్లు. జులైలో ఇరవై మూడు. ఆగస్టులో లెక్క మానేశాను, అది ఆగితే కదా లెక్కపెట్టడానికి. ప్రార్థనలో కళ్లు మూసుకుని కూర్చుంటే, నేను పాడని పాటకు అది తాళం వేస్తూ ఉంటుంది.

మీ అమ్మ చూసింది. "అమ్మా, చెయ్యేంటి అలా కొట్టుకుంటోంది?"

"టీ ఎక్కువైంది."

"మానెయ్యి మరి."

మానేశాను. కిందటి నెల నువ్వు కూడా, ఏమీ కాదులే అన్నట్టు, "యూ ఆర్ గ్రాండ్, అమ్మమ్మా" అంటూ ఆ చెయ్యి నిమిరావు. నీ అరచేతి కింద కూడా అది ఆగలేదు.

ఇప్పుడు బొటనవేలి పక్క కండ గుంట పడింది. ఇక్కడ నేను సన్నబడుతున్నాను, అక్కడ మీ గాజు పళ్లెంలో పద్నాలుగో నంబరు పెరుగుతోంది. శనివారాలు కూడా వెళ్లి ఆ కణాలకు తిండి పెడుతున్నానని రాశావు. ఎవరికి పెడుతున్నావో నీకు తెలియదు.

ఆ రోజు నర్సు, కుటుంబంలో ఎవరికైనా నరాల జబ్బు ఉందా అని అడిగింది. లేదన్నాను. ఫెబీ, ఉంది. యాభై నాలుగో ఏట మా అమ్మ చేతిలోంచి లేసు సూది జారిపోయింది. మాట పోయింది. నిద్రలో కూడా ఆమె చేతి కండలు ఎగురుతూనే ఉండేవి. రెండేళ్లకు ఊపిరి ఆగింది. మా తమ్ముడు యెషయా స్కూటర్ మీద నుంచి పడి చనిపోయాడని నీకు చెప్పాను. పడింది హ్యాండిల్ పట్టుకునే బలం లేక. అప్పటికే ఏడాదిగా అదే జబ్బు. అమ్మను సమాధి చేసి వచ్చిన రోజు నాన్న మమ్మల్ని కూర్చోబెట్టి, "ఎవరడిగినా జ్వరమని చెప్పండి. లేకపోతే మీకు సంబంధాలు రావు" అన్నారు. నలభై తొమ్మిదేళ్లుగా అదే చెప్పాను. మీ తాతయ్యకూ అదే చెప్పాను. డెబ్బై దాటాక తప్పించుకున్నాననుకుని నర్సుకూ లేదన్నాను.

ఇక జరగవలసినవి:

1. ఈ ఉత్తరం అందిన రోజే ధరణికి క్షమాపణ చెప్పు. ఫోన్‌లో కాదు, ఎదురుగా.

2. సోమవారం మీటింగులో ఈ ఉత్తరం చూపించు. లేబుళ్లు సరిగ్గానే ఉన్నాయి. అబద్ధం చెప్పింది పద్నాలుగో మనిషి.

3. శనివారం ఇంటికి రా. మీ అమ్మకు నేనే చెబుతాను, నువ్వు పక్కన ఉండు. మంగళవారం మన జీపీ డాక్టరు దగ్గరకు వెళ్తాను.

4. మీ అమ్మకు ఇది వచ్చి ఉండే అవకాశం సగానికి సగం. ఆమెకు ఉంటే నీకూ అంతే. పరీక్ష చేయించుకోవాలో వద్దో ఎవరికి వాళ్లే తేల్చుకోండి. మీ తరఫున నేను ఇక ఏదీ దాచను.

5. ఆ పళ్లెం పారేయనివ్వకు. శనివారం వచ్చే ముందు తిండి పెట్టి రా. నా చెయ్యి ఆగిపోయాక కూడా పెడుతూ ఉండు.

ఇట్లు,
నీ అమ్మమ్మ మార్తా,
పద్నాలుగో నంబరు.