చేతులు మారిన గౌను

అమ్మా, నేను కులాసా. పట్టా చేతికొచ్చింది కానీ, నువ్వడిగిన గౌను ఫోటో మాత్రం పంపలేను, కోప్పడకు. మాది మొదటి బ్యాచి కదా, యూనివర్సిటీకి ఉన్నవే నాలుగు గౌన్లు. పట్టా అందుకున్నవాడు వేదిక దిగగానే విప్పి వెనకవాడికి తొడగాలి. నేనూ బుద్ధిమంతుడిలా తొడిగేశాను. ఫోటోగ్రాఫరు నా దాకా వచ్చేసరికి ఒంటిమీద పాత చొక్కానే మిగిలింది. అదంతా చూసి రిజిస్ట్రారుగారు మురిసిపోయి, "ఇకమీదట ఎన్ని గౌన్లున్నా ఇలాగే తొడగాలి, ఇది మన ఆచారం" అన్నారు. గౌన్లు లేక చేసిన పని ఆచారమైంది, నీ ముచ్చట మాత్రం తీరలేదు.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? ఫోటోకని ఆయన గోడకి కొట్టిన మేకు పీకనివ్వకు. చెల్లిని ఈ ఏడే ఇక్కడ చేర్పించండి. అది గౌను విప్పేలోగా ఫోటోగ్రాఫర్ని లాక్కొచ్చే పూచీ నాది.

నీ పెద్దాడు