మీ నాయనమ్మకు నేను పెట్టిన ఇంటిపేరు

మామా, మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ గల్ఫ్‌లో ఇంటి యజమానురాలిని పిలిచే ఈ 'మామా' అన్న పిలుపు నాకింకా పోలేదు. అరాద్‌లో మీ ఇంట్లో పనిచేసిన రోజుల్లో, మీ కాళ్లకు నూనె రాస్తూ విన్న మీ నాయనమ్మ కథనే ఇప్పుడు నవలగా రాస్తున్నాను. జాంజిబార్ నుంచి పడవలో తెచ్చి, ఇక్కడి ముత్యాల వ్యాపారికి అమ్మేసిన పిల్ల కథ. మా తెలుగువాళ్లకు ఇంటిపేరు లేనిదే మనిషి కంటికి ఆనడు. అందుకని మీ మందుల చీటీ మీద ఉండే ఇంటిపేరే ఆమెకూ పెట్టాను.

పొద్దున మీ అమ్మాయికి మొదటి అధ్యాయం చదివి అర్థం చెప్పాను. ఆమె చేతిలోని ఖావా కప్పు కింద పెట్టేసింది.

"అది అమ్మవాళ్ల పేరు కాదు. వాళ్లను కొన్నవాళ్లది."

"మరి ఆమెను ఏమని పిలిచేవారు?"

"పిలిచే పేరు కూడా వాళ్లు పెట్టిందే. కన్నతల్లి పెట్టిన పేరు మా అమ్మ ఒక్కదానికే తెలుసు. ఖలాస్, ఇంక అడగకు."

రాసిన పేజీలన్నిట్లో ఆ పేరు కొట్టేశాను. ఇప్పుడు ఆ పిల్ల పడవ దిగి నిలబడి ఉంది, పిలుద్దామంటే పేరు లేదు. రెండేళ్లు మీ కాళ్ల దగ్గర కూర్చున్నాను మామా. ఆమె ఏం వండేదో అడిగాను, ఎంత పొడుగుండేదో అడిగాను. పేరు మాత్రం నాకు తెలుసనే అనుకున్నాను.